మొదటి నంబరుకు నూటమూడు సార్లు

కోత 38వ రోజు
మొదటి నంబరుకు 88 సార్లు. ఇచ్చినవి 6.

ఈ పుస్తకం నా కిటికీ పక్కన మేకుకు వేలాడుతుంది. ఎవరైనా చదవొచ్చని రూలు. ఎవరూ చదవరు. అయినా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

కోత పెట్టినప్పటి నుంచి కరెంటు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే. మిగతాదంతా గాలి ఫ్యాన్లకు. ఫ్యాను ఆగితే ఈ బాయిలో ఉన్న ఆరువేల మందిమీ ఆగుతాం కాబట్టి నాకు ఫిర్యాదు లేదు. ఒకప్పుడు బొగ్గు తవ్విన సొరంగాలివి. పైన ఎండ మనిషిని బతకనివ్వనప్పటి నుంచి ఇవే మా ఇళ్ళు.

ఆరింటికి నంబర్ల మిషిను వేస్తాను. కోతకు ముందు అది ఏళ్ళ తరబడి ఆగకుండా నడిచేది. ఇప్పుడు రోజూ ఆర్పి రోజూ లేపాలి. లేవగానే అది ఒక అంకె అడుగుతుంది. ఈ పని నాకు నేర్పిన ఓదెలు సార్ దాన్ని విత్తనం అనేవాడు, మిగతా నంబర్లన్నీ దాన్నుంచే మొలుస్తాయట. "ఏదో ఒకటి కొట్టు రాజుబాయీ, గంతే" అని చెప్పి పోయినేడు ఆయనా పోయాడు. నేను మా మైనా పుట్టినరోజు కొడతాను. పదకొండేళ్ళకే జ్వరంతో పోయిన పిల్ల పుట్టినరోజుతో ఇంకెక్కడా పనిలేదు. ఇక్కడైనా పనికొస్తోంది.

తర్వాతి పనేమీ బ్రహ్మవిద్య కాదు. కొత్తగా వచ్చిన మనిషి పేరు, తల్లి పేరు కొడతాను. ఆ పేరుకు ఎదురుగా మిషిను ఒక ఐదంకెల నంబరు పెట్టాలి. గుడ్డిగా ఒకటి తీస్తుంది. అది ఇప్పటికే ఎవరికైనా ఉంటే పారేసి ఇంకోటి తీస్తుంది. ఎవరికీ లేనిది దొరికేదాకా తీస్తూనే ఉంటుంది. దొరికినదాన్ని నేను ఇత్తడి బిళ్ళ మీద సుత్తితో కొట్టి ఇస్తాను. పేర్లూ నంబర్లూ జతలుగా ఉన్న ఆ పట్టీకి మిషిను భాష పైథాన్‌లో డిక్షనరీ అని పేరట. బాయిలో ఇప్పుడు అందరి నోటా అదే మాట. "వాడు డిక్షనరీల ఎక్కిండా?" అంటే వాడు బతికినట్టేనా అని అడగడం.

మొదట్లో వరస నంబర్లు ఇచ్చేవారట. చిన్న నంబరు వాళ్ళు పెద్ద నంబరు వాళ్ళను నీళ్ళ దగ్గర వెనక్కి నెట్టారు, పిల్లను ఇచ్చేటప్పుడు కూడా నంబరు చూశారు, చివరికి గొడ్డళ్ళు లేచాయి. అప్పుడు ఓదెలు సార్ ఈ ప్రోగ్రాము రాశాడు. ఇప్పుడు బిళ్ళ చూసి ఎవరు ముందొచ్చారో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఒకే నంబరు ఇద్దరికి రాకూడదు, ఎందుకంటే నీళ్ళ కుళాయి ఒక నంబరుకు రోజుకొకసారే తెరుచుకుంటుంది.

మోసం లేదని జనానికి తెలియాలని సార్ తెరను కిటికీ బయట వరస వైపుకు తిప్పి బిగించాడు. మిషిను తీసిన ప్రతి నంబరూ అక్కడ రెండు సెకన్లు కనబడుతుంది. నా వైపు ఉన్నది చిన్న గాజు బిళ్ళంత పలక. ఎన్నిసార్లు తీసింది, చివరికి ఏది దొరికింది, ఆ రెండే చూపిస్తుంది.

గోడ మీద సార్ చేతిరాతతో ఒక కాగితం ఉంది. రోజూ మొదటి నంబరుకు ఎన్నిసార్లు పట్టిందో రాయాలి, మామూలుగా ఒకటో రెండో, వంద దాటితే నంబర్లు నిండుకుంటున్నట్టు లెక్క, కమిటీకి చెప్పాలి. కోత మొదటి రోజున ఒక్కసారే పట్టింది. ఇవాళ ఎనభై ఎనిమిది.

వరసలో మొదట నిలబడడం అరిష్టమని కొత్తగా ఒక మాట పుట్టింది. మొదటివాళ్ళకు మూడు నిమిషాలు పడుతుంది, వెనకవాళ్ళకు చిటికెలో వచ్చేస్తుంది. ఇవాళ ఒకామె అత్తగారిని ముందుకు తోసి "నువ్వు పెద్దదానివి, నువ్వే ముందుండాలె" అంది. ముసలామె "అవునే, మర్యాదంత ఇప్పుడే యాదికొచ్చింది నీకు" అంది. నవ్వు రావాల్సిన మాట. రాలేదు.

ఆఖరున వచ్చినవాడి పేరు ఇస్తారి. ముప్ఫై ఏళ్ళుంటాయి. వచ్చిన నంబరు 46072. తన భార్య పుష్ప, ఆమె అవ్వ వెనక వస్తున్నారట, అవ్వ కాళ్ళు వాచి నడవలేకపోతోందట. ఇక్కడ చోటు దొరుకుతుందో లేదో చూద్దామని ముందొచ్చాడు. "వాళ్ళకు గూడ దొరుకుతది గదా అక్కా?" అన్నాడు. దొరుకుతుంది అన్నాను.

కోత 39వ రోజు
94 సార్లు. ఇచ్చినవి 5.

రాయడానికేమీ లేదు.

కోత 40వ రోజు
99 సార్లు. ఇచ్చినవి 4.

సుత్తి పిడి వదులైంది. గుడ్డపీలిక చుట్టాను.

కోత 41వ రోజు
103 సార్లు. ఇచ్చినవి 2.

వంద దాటింది. కమిటీ పెద్ద లింగన్న దగ్గరికి పోయి చెప్పాను. ఆయన ముందుగా సార్ కాగితం తెప్పించుకుని రెండుసార్లు చదివాడు. "ఇంకెన్ని నంబర్లు మిగిలినై?" అని అడిగాడు. మిషినుకే తెలియాలన్నాను. నిజంగా నాకు అప్పుడు లెక్క వేయాలని తోచలేదు. ఏడాదిగా నాకు ఏదీ తోచడం లేదు.

"తా దూర కంత లేదు, మెడకో డోలట" అన్నాడు లింగన్న. "ఉన్న నంబర్లు మన కడుపున పుట్టేటోళ్ళకు గావాలె. మూతి మూయుండ్రి. పోయినోళ్ళ నంబర్లు ఖాళీ అయి మొదటి నంబరు వంద కిందికి దిగిన్నాడు తెరుద్దం."

మధ్యాహ్నం బాయి మూతి దగ్గర ఇనుప తలుపు వేశారు. ఎనిమిది తర్వాత వచ్చిన పెద్ద గుంపుతో కలిపి అప్పటికి బయట రేకుల షెడ్డు కింద ముప్ఫై ఒక్క మంది ఉన్నారు. కాపలా సారన్న పేర్లు రాసుకొచ్చి ఇచ్చాడు. ఇరవై ఏడో పేరు పుష్ప. అవ్వ దారిలోనే పోయిందట.

కోత 42వ రోజు
105 సార్లు. ఇచ్చినవి లేవు.

ఇక రోజూ ఎవరికీ ఇవ్వకపోయినా ఒకసారి తీసి చూడాలని కమిటీ చెప్పింది, ఎంత తగ్గిందో తెలియాలి కాబట్టి. తీసినదాన్ని డిక్షనరీలో ఎక్కించను.

ఆరింటికే ఇస్తారి వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు. తెర వైపే చూస్తూ నిలబడ్డాడు. అయిపోయాక "ఎన్ని అక్కా?" అన్నాడు. నూటఐదు అన్నాను. కాలువ పూడిక తీసే పనికి వెళ్ళిపోయాడు.

కోత 43వ రోజు
105 సార్లు. ఇచ్చినవి 1, మగపిల్లవాడు.

ఇస్తారి వచ్చాడు.

కోత 46వ రోజు
107 సార్లు. ఇచ్చినవి లేవు.

ఇస్తారి వచ్చాడు. "తగ్గకుండ పెరుగుడేందక్కా? ఎవలు తీసుకుంటున్నరు?" అన్నాడు. పుట్టే పిల్లలు అన్నాను. "పుట్టినోళ్ళ మీద కోపం జేస్తే పాపం తగుల్తది" అని తనకు తానే చెప్పుకున్నాడు.

కోత 50వ రోజు
109 సార్లు. ఇచ్చినవి 1, ఆడపిల్ల.

సారన్నకు జ్వరమని బయటివాళ్ళకు నీళ్ళు పోసే పని ఇవాళ నా మీద పడింది. మనిషికి ఒక చెంబు. తలుపు కింద గొట్టంలోంచి పోస్తే అవతల పట్టుకుంటారు. ఆ గొట్టంలోంచే మాట్లాడుకోవచ్చు కూడా. ఇరవై ఏడో చెంబు పోస్తుండగా అవతలి నుంచి ఒక గొంతు వచ్చింది.

"నువ్వేనా నంబర్ల అక్కవు?"

అవునన్నాను.

"మా ఆయన రోజు నీ తానికే వస్తడట గద. తల దువ్వుకొని వస్తున్నడా లేదా?"

చూడలేదన్నాను.

"ఓయమ్మా, గదొక్కటి సూడక్కా. దువ్వకపోతే పిచ్చోడనుకొని లోపలికెల్లి గూడ ఎల్లగొడ్తరు."

పక్కన ఎవరో నవ్వారు. షెడ్డు కింద మధ్యాహ్నం ఎలా ఉంటుందని అడుగుదామనుకున్నాను. అడిగితే ఆమె చెబుతుంది, విన్నాక నేనేం చేయాలి? ఇరవై ఎనిమిదో చెంబు అందుకున్నాను.

కోత 52వ రోజు
110 సార్లు. ఇచ్చినవి 1.

బయటివాళ్ళలో ఆరుగురు ఉత్తరాన ఇంకో బాయి ఉందని విని నడిచిపోయారు. లింగన్న "చూసినవా, ఇదివరకు రోజుకు నాలుగు పెరిగేది, ఇప్పుడు ఒకటీ అరా. మూసుడు మంచిదే అయింది" అన్నాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. తన పూట రొట్టెలో సగం పిల్లల గదికి పంపుతాడు, నేను చూశాను.

కోత 56వ రోజు
112 సార్లు. ఇచ్చినవి లేవు.

షెడ్డు కింద ఇద్దరు పోయారు. ఒకరు ముసలాయన, ఒకరు కాదు.

కోత 58వ రోజు
112 సార్లు. ఇచ్చినవి 2, కవలలు.

మొదటి పిల్లకు నూటపన్నెండు సార్లు, నాలుగు నిమిషాలకు దగ్గర. రెండో పిల్లకు ఒక్కసారి. కవలల నాయన "పెద్దది మొండిది, చిన్నది బుద్ధిమంతురాలు" అని మురిసిపోయాడు. నేను బిళ్ళలు కొట్టాను. ఇస్తారి మాత్రం తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. పెదవులు కదులుతున్నాయి. జపమేమో అనుకున్నాను.

నిన్న సాయంత్రం గొట్టం దగ్గర పుష్ప రెండు మాటలే మాట్లాడిందట.

కోత 60వ రోజు
114 సార్లు.

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

ఆరింటికి మిషిను వేసి, ఎప్పటిలాగే మైనా పుట్టినరోజు కొట్టాను. లెక్క కోసం ఒక నంబరు తీయమన్నాను. ఇస్తారి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. జుట్టు రేగిపోయి ఉంది. చేతులతో చువ్వల్ని గట్టిగా ఊపి అన్నాడు:

"ఎవలి కోసం దాస్తున్నవక్కా?"

ఏంటన్నాను.

"దొంగ మిషినిది. చెప్పాల్నా ఇప్పుడు ఏం వస్తదో? ఇరవైవేల తొమ్మిదివందల నలభైఏడు. ఆ ఎనక డెబ్బైఒక్కవేల అయిదువందల యాభై. ఆ ఎనక మూడు సున్నలది, ముప్ఫైవేల ఎనిమిది."

నేను కూర్చున్న చోటి నుంచి తెర కనబడదు. ఇన్నేళ్ళలో ఆ వైపుకు పోయి చూడాల్సిన అవసరం రాలేదు. లేచి తలుపు తీసుకుని బయటికి వచ్చి అతని పక్కన నిలబడ్డాను. అతను చెబుతున్నాడు, తెర మీద పడుతోంది. అతను ముందు, తెర వెనక. పది నంబర్లు, ఇరవై నంబర్లు. ఒక్కటి తప్పలేదు.

"రోజు గివే" అన్నాడు. ఏడుస్తున్నాడు. "గిదే వరుస. పందొమ్మిది దినాల సంది నోటికొచ్చినై. తీసేది లేదు పాడు లేదు, నాటకం."

ఒక్కొక్కరూ బతుకులో ఒక్కసారే ఈ కిటికీకి వస్తారు. మొదట తెర మీద ఏది పడిందో గుర్తుపెట్టుకునే పని ఎవరికీ లేదు. రోజూ వచ్చి చూసినవాడు ఇతనొక్కడే.

లోపలికి వచ్చి ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. ఎనభై ఎనిమిది, ఆరుగురికి ఇచ్చాను, మర్నాడు తొంభై నాలుగు. అయిదుగురికి ఇచ్చాను, తొంభై తొమ్మిది. నలుగురికి, నూటమూడు. నా చేత్తో నేనే రాసుకున్నాను. ఒకటో తరగతి పిల్లకు చూపించినా కూడి చెప్పేది.

ఒకే విత్తనం వేస్తే ఒకే చెట్టు. రోజూ పొద్దున మిషిను మొదటి నుంచి అవే నంబర్లు తీస్తోంది. నేను ఇచ్చేసినవే కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా పారేస్తోంది. అన్నీ పారేశాక కొత్తది దొరుకుతోంది. నిండుకున్నది నంబర్లు కావు.

మిషిను ఆర్పి మళ్ళీ వేశాను. అంకె అడిగింది. నాలుగు అని కొట్టాను, చేతికి దగ్గరగా ఉందని. తీయమన్నాను. ఒక్కసారికే దొరికింది. మళ్ళీ ఆర్పి, ఏడు కొట్టాను. ఒక్కసారే. డిక్షనరీలో ఎంతమంది ఉన్నారని అడిగాను. ఆరువేల రెండువందల ముప్ఫై ఒకటి. ఐదంకెల నంబర్లు తొంభై వేలు. ఎనభై మూడువేల పైచిలుకు నంబర్లు ఎవరివీ కాకుండా పడి ఉన్నాయి.

భయం వేసింది. అది రాస్తున్నాను, ఎందుకంటే ఏడాది తర్వాత నాకు ఏదైనా అనిపించడం అదే మొదటిసారి.

ఇస్తారికి చెప్పాను. మెల్లగా, రెండుసార్లు చెప్పాను. విన్నాడు.

"రోజు ఏం అంకె కొట్టినవక్కా?"

"మా బిడ్డ పుట్టినరోజు."

"ఏదీ, ఎక్కడున్నది?"

"లేదు తమ్మీ. పోయినేడు పోయింది."

చువ్వలు వదిలేశాడు. "కొట్టు" అన్నాడు. "నంబర్లు కొట్టు జల్ది."

సారన్న పట్టీ తీసుకుని ఇరవై ఏడో పేరుతో మొదలుపెట్టాను. వరస తప్పడమే, తెలుసు. 38120, ఒక్కసారికే. తర్వాత పై నుంచి అందరికీ. పోయినవాళ్ళ పేర్లు ఏవో నాకు తెలియదు, ముప్ఫై ఒక్కరికీ తీశాను. ఒకరికి మాత్రం రెండుసార్లు పట్టింది. సుత్తి ఇస్తారి పట్టాడు, నేను నంబర్లు చదివాను.

ఏడున్నరకు లింగన్న వచ్చాడు. చప్పుడు విని వచ్చాడట. చెప్పింది విని గోడకు ఆనుకున్నాడు.

"మిషిను ఖరాబైందని రాయి రాజుబాయీ" అన్నాడు. "నీ పేరెందుకు? మిషిను ముదనష్టపుది, అందరు నమ్ముతరు."

"మిషిను మంచిగనే ఉన్నదన్నా."

"ఇద్దరు సచ్చిండ్రు. రేపు ఎవలన్న వచ్చి ఎందుకు మూసినవని నన్ను అడిగితే? నంబర్లున్నయని తెలిసి మూసిన్నా నేను? నువ్వు చెప్తేనే గదా మూసిన."

నిజమే, నేను చెబితేనే మూశాడు. అదే అన్నాను. ఆయన పుస్తకం వైపు చూశాడు. చింపుతాడేమో అనుకున్నాను. చింపలేదు. కింద పడిన బిళ్ళ ఒకటి ఏరి ఇస్తారి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

బిళ్ళ ఉన్న మనిషికి మూతి తెరవాల్సిందే, దానికి కమిటీ అక్కర్లేదు. సారన్న తలుపు తీశాడు. వేడి ముఖానికి పొయ్యి సెగలా కొట్టింది. పేర్లు చదివాను. ఇరవై ముగ్గురు పలికారు. నడిచి వచ్చినవాళ్ళు పదిహేడుమంది. పుష్పను ఇస్తారి ఎత్తుకొచ్చాడు. నేను ఆమె గొంతే విన్నాను కానీ మనిషిని చూడలేదు. చిన్న మనిషి. పెదవులు నల్లగా చీలి ఉన్నాయి. బిళ్ళ మెడలో వేస్తుంటే కళ్ళు తెరిచి "ఎంత?" అంది. ముప్ఫై ఎనిమిదివేల నూటఇరవై అన్నాను. భర్త జుట్టు చూసి "దువ్వలే" అంది.

కోత 61వ రోజు
విత్తనం వేయలేదు. మిషిను ముట్టుకోలేదు.

మధ్యాహ్నం పుష్ప పోయింది. ఎండదెబ్బ లోపలి అవయవాల దాకా పోయిందని మందులామె చెప్పింది. ఒక్క రోజు, ఆరు గంటలు ఆమె డిక్షనరీలో ఉన్న మనిషిగా బతికింది. నీళ్ళ కుళాయి ఆమె నంబరుకు ఒక్కసారి తెరుచుకుంది.

నేను అక్కడికి పోయాను. పోకుండా ఉండలేకపోయాను. ఇస్తారి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, చెక్క దువ్వెనతో తన జుట్టు తనే దువ్వుకుంటున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"నీ బిడ్డను నువ్వు రోజు యాది జేసుకున్నవ్" అన్నాడు. "దాని రేటు నా పెండ్లాం కట్టింది."

అవునన్నాను. క్షమించమనడానికి నోరు రాలేదు, ఎందుకంటే అది అడిగితే అతను ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. గుమ్మం దగ్గర కూర్చున్నాను. పొమ్మనలేదు. రమ్మనలేదు.

సాయంత్రం ఈ పుస్తకం మేకు మీద కనబడలేదు. ఎవరో తీసుకుపోయి నీళ్ళ దగ్గర పైకి చదివారట. అరవయ్యో రోజు పేజీ మొత్తం. తిరిగి తెచ్చి తగిలించారు. పేజీలన్నీ ఉన్నాయి.

కోత 62వ రోజు

ఆరింటికి మిషిను వేశాను. అంకె అడిగింది.

చేతివేళ్ళు వాటంతటవే మైనా తేదీ మొదటి అంకె మీదికి పోయాయి. వెనక్కి తీసుకున్నాను. ఇంకో అంకె ఏదీ తోచలేదు. లోకంలో ఇన్ని అంకెలుంటే నాకు తెలిసింది ఆ ఒక్కటే అన్నట్టు కూర్చున్నాను. కిటికీ అవతల వరస ఉంది. రాత్రి పైనుంచి వచ్చిన కుటుంబం, ఒక బాలింత. నా ముఖం వైపు ఎవరూ చూడడం లేదు. వాళ్ళంతా పేజీ సంగతి విన్నవాళ్ళే.

వరసలో మొదటి చోటు ఖాళీగా ఉంది, అరిష్టం కదా. ఇస్తారి వచ్చి అక్కడ నిలబడ్డాడు. తల శుభ్రంగా దువ్వుకుని ఉన్నాడు.

"నీకు నంబరుంది గదా తమ్మీ" అన్నాను.

"నంబరుకు రాలే." తెర వైపు చూశాడు. "ఏమన్న అంకె అడుగుతున్నదా అది?"

అడుగుతోందన్నాను.

"ఒకటి" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పుష్ప పోయి ఒక దినం. ఒకటి కొట్టు."

కొట్టాను. అతను పక్కకు తప్పుకుని బాలింతను ముందుకు రమ్మన్నాడు. ఒక్కసారికే దొరికింది. తర్వాత వాళ్ళకూ ఒక్కసారే. బిళ్ళలు కొట్టి ఇచ్చాను. అందరూ వెళ్ళిపోయేదాకా అతను గోడ పక్కనే నిలబడ్డాడు.

"రేపు?" అని అడిగాను.

"రేపొస్త. రెండు."

మొదటి నంబరుకు 1 సారి. ఇచ్చినవి 5.